ఆ ఫౌజీ వీడియోలాయన తల గాయం మీద జరుగుతున్న ప్రచారం గురించి

వంశధార_గట్టు (గుణుపురం)

ఎవరి గురించో ఇక్కడ చాలామందికి తెలుసు. దయచేసి పేరు రాయకండి. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఆర్మీకి ప్రిపేర్ అవుతున్న మన పిల్లలు ఆయన వీడియోలు తెగ చూస్తారు. తెలుగూ ఒడియా కలిపి మాట్లాడతాడు. 1.6 కిలోమీటర్ల పరుగులో ఊపిరి ఎలా తీసుకోవాలో, పుల్‌అప్స్‌కి బార్ ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా చెబుతాడు. తను ఫౌజ్‌లో చేశానని, తలకి దెబ్బ తగిలి బయటికి వచ్చేశానని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు.

ఈమధ్య ఒక లైవ్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయాడు. ఎదురుగా నిలబడ్డ కుర్రాడి పేరు గుర్తు రాలేదు. తల పట్టుకుని కూర్చున్నాడు. కామెంట్లలో ఎవరో ఏదో అంటే కసిరి లైవ్ కట్ చేశాడు. ఆ ముక్క ఇప్పుడు బరంపురం నుంచి జయపురం దాకా ప్రతి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. దాని కింద కథలు. తాగి ఉన్నాడని కొందరు, మత్తు బిళ్ళలని కొందరు. అసలు ఆర్మీలో చేయనే లేదని, బైక్ మీంచి పడ్డ దెబ్బని ఫౌజ్ ఖాతాలో వేసుకున్నాడని ఇంకొందరు. మా ఊళ్ళో ఒకతను ఆయన పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి కుట్ల మచ్చ ఎక్కడుందో వెతుకుతున్నాడు.

సర్వీసు గురించి ఎవరికైనా అనుమానం ఉంటే అడగొచ్చు, తప్పు లేదు. కానీ ఒక మనిషి మెదడులో ఏం జరిగిందో ఫోన్ స్క్రీన్ మీద చూసి తేల్చే పని మనం చేయకూడదని నా అభిప్రాయం. తెలిసినవాళ్ళు చెప్పండి.

రాయగడ_రన్నర్

అన్నా, ఆయన ఆర్మీకి ట్రైనింగ్ ఇచ్చే అకాడమీ కూడా నడుపుతాడు, నేను అందులో ఫీజు కట్టినవాడిని. నాకు అడిగే హక్కు ఉంది కదా. ఆ దెబ్బ ఎలా తగిలిందో ఆయన ఒక్కోసారి ఒక్కోలా చెబుతాడు. ఒక వీడియోలో బండి లోయలోకి జారిందంటాడు. ఇంకోదాంట్లో బండి ఆగి ఉంది, పైనుంచి రాయి పడిందంటాడు. మరోసారి తనకి ఏమీ గుర్తు లేదు, పక్కవాడు చెప్పాడంటాడు. నిజమైతే ఒకటే కథ ఉండాలి. ఇన్ని కథలు ఎలా వస్తాయి?

బరంపురం_సిస్టర్

తమ్ముడూ, నువ్వు అడిగింది మంచి ప్రశ్న. నేను నర్సుని. తలకి దెబ్బ తగిలినవాళ్ళని వార్డులో చాలామందిని చూశాను. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తలకి గట్టి దెబ్బ తగిలినప్పుడు ఆ సమయానికి సంబంధించిన జ్ఞాపకం చాలాసార్లు మెదడులో నిలవదు. దెబ్బకి ముందు కొన్ని నిమిషాలో గంటలో చెరిగిపోతాయి, తర్వాత కొన్ని గంటలో రోజులో నమోదే కావు. మనిషి కళ్ళు తెరిచి మాట్లాడుతూనే ఉంటాడు, మర్నాడు అడిగితే నిన్న మీరు వచ్చారా అంటాడు. అలాంటి మనిషికి తన ప్రమాదం గురించి తెలిసేది ఇతరులు చెప్పిన మాటల వల్లే. డ్రైవర్ ఒకటి చెబుతాడు, హాస్పిటల్ చీటీలో ఇంకొకటి ఉంటుంది, ఇంట్లోవాళ్ళు మూడోది చెబుతారు. వాటన్నిటినీ కలిపి మెదడు తనకొక కథ అల్లుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది మారుతుంది కూడా. కాబట్టి కథ మారడం అబద్ధానికి రుజువు కాదు. తల గాయం విషయంలో మాత్రం అస్సలు కాదు. ‘నాకు గుర్తు లేదు, పక్కవాడు చెప్పాడు’ అన్నాడని రాశావు చూడు, మా వార్డులో రోజూ వినే మాట అదే.

ఇంకో సంగతి. స్కాన్‌లో ఏమీ లేదంట అని ఒక గ్రూపులో ఎవరో పెట్టారు. సీటీ స్కాన్ చూపించేది ముఖ్యంగా రక్తస్రావం, ఎముక విరగడం, వాపు. మెదడు లోపల సన్నటి నరాల తీగలు సాగి దెబ్బతింటే సీటీలో తరచూ కనపడదు. కొన్ని ఎంఆర్‌ఐలో కనపడతాయి, కొన్ని దాంట్లోనూ కనపడవు. స్కాన్ బాగుందంటే అర్జెంటుగా ఆపరేషన్ చేయాల్సింది లేదని అర్థం. మనిషికి ఏ ఇబ్బందీ లేదని కాదు. మెదడుకి దెబ్బ తగిలిందంటే స్పృహ తప్పి తీరాలని కూడా లేదు.

తలనొప్పి, వెలుతురు పడకపోవడం, చిన్న శబ్దానికే చిరాకు, నిద్ర చెడటం, తెలిసిన పేరు నోటికి రాకపోవడం, ముక్కు మీద కోపం. ఇవన్నీ తల గాయం తర్వాత కొందరిలో నెలలు, కొందరిలో ఏళ్ళు ఉండిపోతాయి. లైట్లు ముఖం మీద పెట్టుకుని, వందల కామెంట్లు చదువుతూ, ఎదురుగా పిల్లల గోల మధ్య మాట్లాడటం అలాంటి మనిషికి చాలా కష్టమైన పని. ఆ వీడియోలో నాకు కనిపించింది అది. ఆయనకి ఏముందో నేను తేల్చడం లేదు, ఆయన నా పేషెంట్ కాదు. తాగాడు అని చెప్పడానికి మాత్రం ఆ వీడియోలో ఏమీ లేదు.

పట్టుబజార్_1

మాకు తెలిసినాయన కజిన్ అదే యూనిట్ అంట. గొడవపడి కొట్టుకుంటే పంపించేశారని చెప్పాడు.

నిర్వాహకులు

పట్టుబజార్_1 గారూ, ఏ యూనిట్ అని ఆయన ఎక్కడా చెప్పలేదు. మీ పరిచయస్తుడి కజిన్‌కి అదే యూనిట్ అని ఎలా తెలిసింది? ఎవరో చెప్పారు, ఎవరో అన్నారు అనే పోస్టులు ఈ చర్చలో ఉంచం. జవాబు కోసం ఇది రేపటి దాకా ఉంచుతున్నాం.

మాజీ_హవల్దార్ (ఛత్రపురం)

జై హింద్. నేను ఫుల్ సర్వీస్ చేసి పెన్షన్ వచ్చినవాణ్ణి. కొన్ని విషయాలు బయటివాళ్ళకి తెలియవు కాబట్టి రాస్తున్నాను.

ఫౌజ్‌లో దెబ్బలు తగిలేది యుద్ధంలోనే అనుకుంటారు. పది మంది మాజీలని కూర్చోబెట్టి అడగండి. ట్రైనింగ్‌లో పడ్డవాడు, కొండ దారిలో బండి బోల్తాపడ్డవాడు, బాక్సింగ్‌లో, బాస్కెట్‌బాల్‌లో దెబ్బ తిన్నవాడు, మంచులో జారినవాడు కనిపిస్తారు. సియాచిన్‌లో తుపాకి గుళ్ళ కంటే చలి, మంచు, ఎత్తు తీసిన ప్రాణాలే ఎక్కువ. బుల్లెట్ గాయం కాదు కాబట్టి ఫౌజీ గాయం కాదు అనడం తెలియక అనే మాట. లీవ్ నుంచి యూనిట్‌కి వెళ్ళే ప్రయాణాన్ని కూడా డ్యూటీ కింద లెక్కలోకి తీసుకునే నిబంధన ఉంది. ఆయనకి నిజంగా బైక్ మీదే దెబ్బ తగిలినా అంతటితో ఏదీ తేలదు.

మనిషి ఆరోగ్యాన్ని మాకు షేప్ అనే అక్షరాలతో చూస్తారు. ఎస్ అంటే మానసిక స్థితి, ఆలోచనా శక్తి. హెచ్ అంటే వినికిడి. ఏ అంటే కాళ్ళూ చేతులూ. పి అంటే శరీర సామర్థ్యం. ఈ అంటే కంటిచూపు. అన్నీ బాగుంటే షేప్ వన్. తలకి దెబ్బ తగిలినవాణ్ణి లో మెడికల్ క్యాటగిరీలో పెట్టి, కొన్నాళ్ళు చూసి, మళ్ళీ మెడికల్ బోర్డు, అంటే డాక్టర్ల కమిటీ, ముందు పెడతారు. బాగుపడితే పైకి తెస్తారు, లేకపోతే ఇన్వాలిడ్ బోర్డు, అంటే ఆరోగ్య కారణాల మీద సర్వీసు నుంచి పంపేస్తారు. మేం ‘బోర్డ్ అవుట్ అయ్యాడు’ అంటాం. అది శిక్ష కాదు. తప్పు చేసి డిస్మిస్ అయినవాడికీ బోర్డ్ అవుట్ అయినవాడికీ చాలా తేడా ఉంది. ఊళ్ళో మాత్రం ఇద్దరినీ ‘పంపించేశారంట’ అనే ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

2013లో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆయన సిపాయి. సర్వీసులో ఉండగా ఫిట్స్ వచ్చి 20 శాతం వైకల్యంతో బోర్డ్ అవుట్ అయ్యారు. జబ్బు సర్వీసు వల్ల రాలేదంటూ పెన్షన్ ఇవ్వలేదు. భర్తీ అయినప్పుడు మెడికల్‌లో ఆ జబ్బు రాసి లేనప్పుడు సర్వీసులోనే వచ్చిందని భావించాలి, రుజువు చేసే భారం సిపాయి మీద వేయకూడదు అని కోర్టు చెప్పింది. ఆ తర్వాత ఎంతోమంది ఆ తీర్పు పట్టుకుని తమ హక్కు సాధించుకున్నారు. 2023లో నిబంధనలు మళ్ళీ మార్చారు, అది వేరే కథ. నేను చెప్పేదేమంటే, తన గాయం సర్వీసుదేనని ఒప్పించడానికి సిపాయికి కోర్టుల చుట్టూ తిరగడమే సరిపోతుంది. ఇంటికొచ్చాక వీధివాళ్ళకి కూడా రుజువు చూపించాలంటే వాడేం కావాలి?

జయపురం_కోడలు

ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మా ఆయన కేంద్ర బలగంలో చేస్తూ తలకి దెబ్బ తగిలి వచ్చారు. అంతకుమించి వివరాలు చెప్పను.

మొదట్లో అందరూ వచ్చి చూశారు, పళ్ళు తెచ్చారు. చేతులూ కాళ్ళూ బాగానే ఉన్నాయి కదా అని వెళ్ళిపోయారు. కట్టు విప్పాక, జుట్టు పెరిగి మచ్చ కనపడకుండా పోయాక అసలు కష్టం మొదలైంది. బజారుకి వెళ్ళి ఏం కొనాలో మర్చిపోయి నిలబడిపోయేవారు. సాయంత్రం అయ్యేసరికి మాట ముద్దగా వచ్చేది, నడక కొంచెం తూలేది. అలసట వల్ల అలా అవుతుందని డాక్టర్ గారు చెప్పారు. వీధిలో మాత్రం సారా అన్నారు. పెళ్ళిళ్ళకి పిలిచి, భోజనాల దగ్గర మా ఆయన నోటి దగ్గర వాసన చూసినవాళ్ళు కూడా ఉన్నారు. మా అబ్బాయిని స్కూల్లో తోటి పిల్లలు ఏమన్నారో ఇక్కడ రాయలేను.

బాధ ఎక్కడంటే, ఆయనకి తన మీద తనకే నమ్మకం పోయింది. ‘నేను నిజంగానే నాటకం ఆడుతున్నానేమో’ అని ఒక రాత్రి నన్నే అడిగారు. గాయం ఆ మాట అనిపించలేదు, జనం అనిపించారు.

ఆ వీడియోలో ఆయన తల పట్టుకుని కూర్చోవడం చూసి మా ఆయన ఫోన్ పక్కన పెట్టేశారు. ఆయన నాకు బంధువు కాదు, ఎప్పుడూ కలవలేదు. అయినా ఆయన ఇంట్లో ఇప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ప్రాణహిత_తీరం (సిరొంచ)

అమ్మా, మీ పోస్టు చదివి చాలా బాధ కలిగింది. మీ వారికి నా నమస్కారాలు చెప్పండి.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. మీరు ఒడిశా పక్క, మేం మహారాష్ట్ర పక్క. కాని ఈ కబుర్లు మా దగ్గరికీ వచ్చాయి. నాకు తోచింది ఒకటి చెబుతాను. ఆర్మీ లిస్టులో ఆయన పేరు లేదంట అని తిప్పుతున్నవాళ్ళు ఆయన ఏ బలగంలో చేశాడో ఎప్పుడైనా అడిగారా? మన ఊళ్ళల్లో సీఆర్‌పీఎఫ్ అయినా, బీఎస్‌ఎఫ్ అయినా, ఐటీబీపీ అయినా అందరూ మిలిటరీయే. అవి హోం శాఖ కిందివి, ఆర్మీ రక్షణ శాఖ కిందిది. రికార్డులు వేరు, పెన్షన్ వేరు, మెడికల్ బోర్డు పద్ధతి వేరు. ఒకచోట వెతికి దొరకలేదంటే మనిషి దొంగ అయిపోడు.

ఈ సరిహద్దుల్లో బాంబు పేలుళ్ళ సంగతి మనకంటే ఎవరికి తెలుసు? 2008 జూన్ 29న మల్కన్‌గిరి జిల్లా బలిమెల రిజర్వాయర్‌లో లాంచీ మీద దాడి జరిగి 38 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆంధ్రా గ్రేహౌండ్స్ జవాన్లే. 2019 మే 1న మా జిల్లాలో కురఖేడా దగ్గర మందుపాతర పేలి నక్సల్స్‌ని ఎదుర్కొనే సీ-60 దళం పోలీసులు 15 మంది, వాళ్ళ డ్రైవరు పోయారు. పోయినవాళ్ళ పేర్లు స్తూపాల మీద ఉన్నాయి. పేలుడు దగ్గరలో ఉండి బతికినవాళ్ళ చెవులు, తలలు ఏమయ్యాయో ఎవరు రాశారు?

2020 జనవరి 8న ఇరాక్‌లో అల్ అసద్ అనే అమెరికన్ స్థావరం మీద ఇరాన్ మిసైళ్ళు వేసింది. మొదట తమవాళ్ళెవరికీ దెబ్బ తగల్లేదని అమెరికా ప్రకటించింది. తర్వాత వారాల్లో మెదడు గాయం ఉన్నట్టు తేలినవాళ్ళు వంద దాటారు. ఒంటి మీద గాటు కూడా లేనివాళ్ళు వాళ్ళలో చాలామంది. ప్రపంచంలో అంత పెద్ద సైన్యమే వెంటనే కనిపెట్టలేకపోయింది. మనం కట్ చేసిన వీడియో ముక్క చూసి కనిపెడతామా?

పర్లాకిమిడి_మాస్టారు

అందరికీ నమస్కారం. రిటైర్డ్ సైన్సు టీచర్ని. తల గాయం గురించి కబుర్లు పుట్టడం కొత్త కాదని చెప్పాలనిపించింది.

1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం కోసం రాళ్ళు పేల్చే పనిలో ఫినియాస్ గేజ్ అనే మేస్త్రీకి ప్రమాదం జరిగింది. మందు కూరే ఇనుప కడ్డీ, మూడున్నర అడుగుల పైచిలుకు పొడవు, ఆరు కిలోల బరువు, ఎడమ చెంప కింద నుంచి దూసుకెళ్ళి నడినెత్తి మీంచి బయటపడింది. మనిషి బతికాడు. ముందటి మనిషి కాదని అతనికి వైద్యం చేసిన డాక్టర్ హార్లో రాశాడు. కోపం పెరిగింది, మాట తూలేవాడు, ఒక నిర్ణయం మీద నిలబడేవాడు కాదు అని. ఆ నాలుగు మాటల మీద తర్వాతి తరాలు ఎన్ని కథలు అల్లాయో! తాగుబోతన్నారు, పని చేయలేని దేశదిమ్మరి అన్నారు. పుస్తకాల్లోకి కూడా ఎక్కాయి. నిజానికి అతను చిలీ వెళ్ళి ఏళ్ళ తరబడి గుర్రపు బగ్గీ నడిపాడు. గుర్రాల పగ్గాలు సంబాళించుకుంటూ, ప్రయాణికులను చూసుకుంటూ, గతుకుల దారిలో నడపడం మాటలా? 1860లో ఫిట్స్ వచ్చి చనిపోయాడు. కోలుకున్న భాగం ఎవరికీ పట్టలేదు, చెడిపోయిన భాగమే వందేళ్ళు చెప్పుకున్నారు.

ఇక ఆయన సర్వీసు కాగితాల కోసం ఆర్‌టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేద్దాం అని ఒక గ్రూపులో చందాలు కూడా అడుగుతున్నారట. డబ్బు దండగ. 2012లో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు, ఉద్యోగి సర్వీసు రికార్డులు వ్యక్తిగత సమాచారం, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే తప్ప ఇవ్వనక్కర్లేదు అంది. అదీ మహారాష్ట్ర నుంచి వెళ్ళిన కేసే. వైద్య కాగితాల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఛత్రపురం_పాఠకుడు

మీరందరూ చెప్పింది ఒప్పుకుంటాను. కానీ ఆయన తన గాయాన్ని తనే వీడియో చేశాడు. కుట్లు వేసిన తల ఫోటో వీడియో ముందు బొమ్మగా పెట్టాడు. దానికి లక్షల్లో వ్యూస్ వచ్చాయి. తనే బజార్లో పెట్టిన విషయాన్ని జనం మాట్లాడితే తప్పేంటి?

జయపురం_కోడలు

మాట్లాడండి సార్. ఆయన చెప్పినదాని గురించి మాట్లాడండి. ఆయన చెప్పనిది కల్పించకండి. మా ఆయన కూడా ఒకసారి గుడి మెట్ల మీద నలుగురిలో తన ప్రమాదం గురించి చెప్పారు. అలా చెప్పినందుకు ఆయన మందుల చీటీ చూసే హక్కు ఆ నలుగురికీ వచ్చేసిందా?

రాయగడ_రన్నర్

సిస్టర్ చెప్పాక కథ మారడం గురించి నేను ఇంక అడగను. కానీ డ్రెస్ సంగతి? ఆయన 2019లో బయటికి వచ్చానంటాడు. వీడియోల్లో వేసుకునేది కొత్త డిజిటల్ చుక్కల యూనిఫాం. అది ఆర్మీలోకి వచ్చిందే 2022లో. ఇది అడగొచ్చా లేదా? నేను కట్టిన ఫీజు మా నాన్న జీడిపిక్కలు అమ్మిన డబ్బు.

మాజీ_హవల్దార్

అడగాలి బాబూ, గట్టిగా అడగాలి. నువ్వు చెప్పింది కరెక్టు. ఆ ప్యాటర్న్ 2022 జనవరి 15న ఆర్మీ డే పెరేడ్‌లో మొదటిసారి కనిపించింది. బజార్లో అమ్మకూడదని ఆర్మీ చెప్పినా నకిలీలు దొరుకుతూనే ఉన్నాయి. అకాడమీలు నడిపే చాలామంది అవే తొడుక్కుంటున్నారు. అది నాకూ నచ్చదు. సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించడానికి ఆ దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు లేదా రెండు వేల వరకు జరిమానా, లేదా రెండూ. మాజీ అయినా సర్వీసులో ఉన్నట్టు కనిపించేలా తొడుక్కోవడం మర్యాద కాదు. మాజీలం సివిల్ డ్రెస్ మీద మెడల్స్ పెట్టుకుంటాం, అది చాలు.

అకాడమీకి వెళ్ళి, మీ నాన్నగారిని వెంట పెట్టుకుని అడుగు. సార్, మీరు ఏ ఫోర్స్, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎక్స్ సర్వీస్‌మన్ కార్డు ఉందా అని. ఆర్మీ అయితే డిశ్చార్జ్ బుక్ ఉంటుంది, జిల్లా సైనిక్ బోర్డు ఇచ్చిన కార్డు ఉంటుంది. దాని మీద ఇన్వాలిడ్ అని ఉన్నా సరే, మెడికల్ పేజీ తెరవమని అడగొద్దు. నీకు కావాల్సింది మనిషి చేశాడా లేదా, ఫీజుకి తగ్గట్టు నేర్పుతున్నాడా లేదా. చూపించకపోతే డబ్బు తిరిగి అడుగు, ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. మేం నలుగురు మాజీలం కావాలంటే నీతో వస్తాం.

వంశధార_గట్టు

హవల్దార్ గారూ, నేను అనాలనుకున్నదాన్ని మీరు విడదీసి చెప్పారు. సర్వీసు, డ్రెస్, ఫీజు జనం అడగాల్సినవి. తల ఆయనది.

నిర్వాహకులు

ఈ మధ్యాహ్నం ఒక సభ్యుడు ఆయనదని చెబుతూ ఒక హాస్పిటల్ డిశ్చార్జ్ చీటీ ఫోటో పెట్టారు. అందులో పేరు, వయసు, మందులు అన్నీ ఉన్నాయి. తీసేశాం. ఆ సభ్యుణ్ణి ఆపేశాం. ఆ ఫోటో మీ ఫోన్లలో ఉంటే తుడిచేయండి, ఎవరు పంపారో వాళ్ళకీ చెప్పండి. పట్టుబజార్_1 గారి నుంచి జవాబు రాలేదు, ఆ పోస్టు కూడా ఈ రాత్రికి పోతుంది.

ఇచ్ఛాపురం_బోర్డర్_బాయ్

నాకు 18. మాది సరిహద్దుకి ఒడిశా వైపు పల్లె. అక్కా, సిస్టర్ అక్కా, ఒకటి అడగొచ్చా? నిన్న సాయంత్రం పుల్‌అప్స్ చేస్తుంటే చెయ్యి జారి వెనక్కి పడ్డాను. తల వెనక సిమెంటు దిమ్మకి తగిలింది. స్పృహ పోలేదు. ఇవాళ పొద్దున్న పరుగుకి వెళ్ళాను, సగంలో కళ్ళు తిరిగాయి. ఇప్పటికి రెండు సార్లు వాంతి అయ్యింది. తలనొప్పి పెరుగుతోంది. ఇంట్లో చెప్పలేదు. తలకి దెబ్బ అంటే ఇంక ఆర్మీకి పనికిరాడంటారు, పైగా ఆయన్ని అన్నట్టే నన్నూ పిచ్చోడు అంటారని. పడుకుంటే తగ్గిపోతుందా?

బరంపురం_సిస్టర్

పడుకోవద్దు. ముందు మీ అమ్మగారిని లేపు. తలకి దెబ్బ తగిలాక వాంతులు మళ్ళీ మళ్ళీ అవుతున్నా, తలనొప్పి పెరుగుతున్నా ఇంట్లో ఉండకూడదు. ఇప్పుడే హాస్పిటల్‌కి వెళ్ళాలి. బండి నువ్వు నడపకు. నొప్పి బిళ్ళ ఏదీ వేసుకోకు. దారిలో నిద్ర మత్తుగా ఉన్నా, మాట తడబడినా, ఒక చెయ్యి బలహీనంగా అనిపించినా అక్కడికి చేరగానే ఆ మాటే ముందు చెప్పమను. 108కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే ఏ కారైనా పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళండి. వెళ్ళాక ఇక్కడ ఒక్క మాట పెట్టు.

ఇచ్ఛాపురం_బోర్డర్_బాయ్

లేపాను అక్కా. మావయ్య కారు తెస్తున్నాడు.

ఇచ్ఛాపురం_బోర్డర్_బాయ్ (మర్నాడు సాయంత్రం)

సిస్టర్ అక్కా, స్కాన్ తీశారు. రక్తం గడ్డ లేదన్నారు. రాత్రంతా ఉంచుకుని చూశారు. గంట గంటకీ నర్సులు వచ్చి కళ్ళు తెరవమని, చెయ్యి ఎత్తమని, ఇది ఏ ఊరని అడిగారు. పరుగు, ఎక్సర్‌సైజు అన్నీ ఆపమన్నారు. డాక్టర్ గారు చెప్పేదాకా మళ్ళీ మొదలుపెట్టొద్దన్నారు. ఇంట్లో ఎవరూ తిట్టలేదు. కాని హవల్దార్ సార్, మెడికల్‌లో ఇది చెబితే నన్ను తీసేస్తారా?

బరంపురం_సిస్టర్

దేవుడి దయ. వాళ్ళు అడిగినవన్నీ మనిషి ఎంత స్పృహలో ఉన్నాడో కొలిచే గ్లాస్గో స్కేల్ అనే లెక్క కోసం. 1974లో ఇద్దరు డాక్టర్లు పెట్టిన పద్ధతి. కళ్ళు తెరవడం, మాట, కదలిక కలిపి 3 నుంచి 15 దాకా మార్కులు. ఆ మార్కు పడిపోతుందేమోనని రాత్రంతా కాపలా కాశారు.

విశ్రాంతి విషయంలో మొండికేయకు తమ్ముడూ. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే చాలా ప్రమాదం. ఒకట్రెండు రోజులు ఫోన్ కూడా బాగా తగ్గించు. తర్వాత మెల్లగా నడక, నడకతో తలనొప్పి రాకపోతే కొంచెం జాగింగ్, అప్పుడు పరుగు. డాక్టర్ గారు చెప్పాకే. బార్ ఎక్కేది చివరన.

మాజీ_హవల్దార్

నాయనా, చెప్పు. దాచొద్దు. మెడికల్ ముందు నింపే కాగితంలో పాత గాయాల గురించి అడుగుతారు. నీ సంతకం ఉంటుంది. దెబ్బ తగిలి పూర్తిగా మానినవాడి కాగితాలు డాక్టర్లు చూసి నిర్ణయిస్తారు, ఏ నిర్ణయమన్నది వాళ్ళ చేతుల్లో ఉంది, నేను మాట ఇవ్వలేను. దాచి భర్తీ అయి తర్వాత బయటపడితే మాత్రం తప్పుడు సమాచారం ఇచ్చాడని తీసేయొచ్చు. అప్పుడు పెన్షన్ రావడం, కేసు వేసినా నిలబడటం కష్టం. ధరమ్‌వీర్ సింగ్ కోర్టులో గెలిచింది ఆయన భర్తీ కాగితాలు శుభ్రంగా ఉండబట్టే.

స్కాన్ ఫిల్ములు, డిశ్చార్జ్ చీటీ ఒక ఫైల్లో పెట్టి బీరువాలో దాచమని మీ అమ్మగారికి చెప్పు. ఫోటో తీసి ఏ గ్రూపులోనూ పెట్టొద్దు, మావయ్య గారి ఫోన్లో కూడా వద్దు. నువ్వు కోలుకున్నాక గోపాల్‌పూర్ రిక్రూటింగ్ ఆఫీసుకి ఇద్దరం కలిసి వెళ్ళి అడుగుదాం.

జయపురం_కోడలు

బాబూ, రాత్రి ఇంట్లో చెప్పి మంచి పని చేశావు. మీ అమ్మగారికి నాతో మాట్లాడాలనిపిస్తే నిర్వాహకుల ద్వారా నంబరు పంపమను. చిరాకు, నిద్ర పట్టకపోవడం కొన్నాళ్ళు ఉండొచ్చు. వాటిని ఇంట్లోవాళ్ళు ఎలా చూసుకోవాలో నేను చెబుతాను.

రాయగడ_రన్నర్

ఆదివారం నాన్నతో అకాడమీకి వెళ్తున్నాను. హవల్దార్ సార్ చెప్పిన ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నాను. తల గురించి ఏమీ అడగను. ఆయన ఏం చెప్పాడో, కార్డు చూపించాడో లేదో ఇక్కడ రాస్తాను.

మాజీ_హవల్దార్

ఏ టైముకి వెళ్తున్నారో చెప్పు. రైలు దొరికితే నేనూ వస్తాను.